కాయకమునకు మితి: ఉద్యోగచింతను గూర్చి ఒక పాఠము





గడచిన వైశాఖ శుద్ధ తదియనాడు, బసవజయంతి ఉత్సవము ముగిసి మఠమున ప్రసాదము స్వీకరించిన పిమ్మట, ఒక యువకుడు నన్ను ప్రక్కకు పిలిచెను. అతడు నాకు మేనల్లుని వరుస. ఒక బ్యాంకు శాఖలో ఉద్యోగము చేయుచున్నాడు. చేతులు తుడుచుకొనుచు మెల్లగా ఇట్లు అడిగెను.

"మామయ్యా, చేసే పనిలోనే కైలాసం ఉందని ఇందాక స్వామివారు సెలవిచ్చారు. నాకు పొద్దున లేచి బ్యాంకుకు పోవాలంటేనే గుండె దడదడలాడుతుంది. శనివారం రాత్రి బాగానే ఉంటాను. ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కడుపులో తిప్పడం మొదలవుతుంది. మరి నాకు దొరికింది కైలాసమా, ఇంకొకటా?"

ముప్పది సంవత్సరములుగా పిల్లలకు తెలుగు చెప్పుచున్నవాడను. అడిగిన వెంటనే ఏదో ఒక సమాధానము చెప్పుట మా వృత్తికి అలవాటు. ఆనాడు మాత్రము నోట మాట రాలేదు. ఏలయనగా ఆ దడ నాకును పరిచితమే. అతనికి అప్పుడు చెప్పలేకపోయినదానిని ఈ పాఠమున చెప్పుటకు ప్రయత్నింతును.

మనలో అనేకులు కాయకమను మాటను విరామము లేని చాకిరియని తలచుచున్నారు. పగలు రాత్రి పనిచేయువానిని చూచి "వాడు గొప్ప కాయకనిష్ఠుడు" అని మెచ్చుకొనుచున్నారు. కొందరు యజమానులు, అందు మన సమాజమువారును కలరు, తమ క్రింద పనిచేయువారికి ఈ మాటనే బోధించి రెండింతలు పని చేయించుకొనుచున్నారు. ఇది బసవన్న మాటను బసవన్నకే విరుద్ధముగ వాడుట. కాయముతో చేయునది గనుక కాయకము. కాయమును కృశింపజేయుటకు ఆ పేరు తగదు. శరణుల దృష్టిలో ఆ పని సత్యశుద్ధమై యుండవలెను. దాని ఫలము తన కడుపుతో ఆగక దాసోహమునకు చేరవలెను. ఇక మూడవ లక్షణమొకటి కలదు. దానిని మనవారు తరచు మరచుచున్నారు. అది మితి.

ఈ మితిని మనకు నేర్పినది ఒక ఇల్లాలు.

12వ శతాబ్దిలో కల్యాణమునకు వచ్చి చేరిన శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులు ఉండిరి. 'అక్కి' యన కన్నడమున బియ్యము. 'ఆయ్ద' యన ఏరిన. బసవన్న మహామనె వాకిట నేలపై రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే లక్కమ్మ వండి జంగములకు దాసోహము చేసి, మిగిలినదానిని తాము భుజించెడివారు. ఇంతకంటె చిన్న పని ఊహించుట కష్టము. అయినను ఆ దంపతులిద్దరును వచనకర్తలై శరణులలో గౌరవస్థానము పొందిరి.

ఒకనాడు మారయ్య అనుభవమంటపమున జరుగుచున్న గోష్ఠిలో లీనమై పోయెను. పనివేళ దాటుచున్నది. అప్పుడు లక్కమ్మ అతనికి కాయకము నిలిచిపోయినదని గుర్తుచేసి పంపెను. ఎంతటి జ్ఞానగోష్ఠియైనను పనికి సాకు కారాదని ఆమె అభిప్రాయము. ఈ భాగమును మనము ఉపన్యాసములలో తరచు వినుచుందుము. రెండవ భాగమును విననంత తక్కువగ వినుచున్నాము. మరియొకనాడు మారయ్య నిత్యము తెచ్చు బియ్యముకంటె ఎక్కువ తెచ్చెను. సామాన్య గృహిణి యైనచో సంతసించియుండును. లక్కమ్మ సంతసింపలేదు. ఇది మనకు నిత్యము కావలసినదానికంటె ఎక్కువ, ఇంత ఆశ మనకెక్కడిదని ప్రశ్నించి, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను.

గమనింపుడు. పనికి పొమ్మన్నది ఆమెయే. చాలునన్నదియు ఆమెయే. ఈ రెండు మాటలును ఒక నోట పలుకగల మనిషి ప్రతి యింటను ఉన్నచో నేటి ఉద్యోగచింతలో సగము తీరును. మన ఇండ్లలో తల్లిదండ్రులు మొదటి మాట నేర్చిరి. కుమారునకు జీతము పెరిగినదనగానే ఇంకొక స్థలము, ఇంకొక వాహనము, ఇంకొక ఋణము అనుచున్నారు. వాని ముఖమెట్లున్నదో చూచువారు తక్కువ.

ఇది కేవలము వైరాగ్యపు మాట యనుకొనవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలసి 2021లో ఒక అధ్యయనమును ప్రకటించినవి. వారమునకు 35 మొదలు 40 గంటలు పనిచేయువారితో పోల్చగా, 55 గంటలు లేక అంతకు మించి పనిచేయువారికి పక్షవాతము వచ్చు అపాయము 35 శాతము అధికమనియు, గుండె రక్తనాళముల జబ్బుతో మరణించు అపాయము 17 శాతము అధికమనియు ఆ సంస్థలు తెలిపినవి. ఒక్క 2016 సంవత్సరమున దీర్ఘమైన పనిగంటల కారణముగ ప్రపంచమున సుమారు 7 లక్షల 45 వేలమంది మరణించిరని వారి అంచనా. లక్కమ్మ ఈ లెక్కలేవియు ఎరుగదు. అయినను బియ్యపు మూటను చూడగానే ఆమెకు అనుమానము కలిగినది.

అయితే మితి యొక్కటే చింతను తీర్చునా? తీర్చదు. కొలదిపాటి పనియు మనిషిని నిద్రలేకుండ చేయగలదు. దీనికి దృష్టాంతము నేనే.

2016–17 విద్యాసంవత్సరమున నేను ఒక పాఠశాలలో ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయుడనుగ ఉంటిని. పిల్లలకు పాఠము చెప్పుట నాకు శ్రమ కాదు. కాని మధ్యాహ్న భోజనపు లెక్కలు నా చేతికి వచ్చినవి. దినమునకు ఎంతమంది పిల్లలు, ఎన్ని కిలోల బియ్యము, ఎన్ని గ్రుడ్లు, నిలువ ఎంత. దసరా సెలవుల తరువాత బస్తాలు లెక్కించగా రెండు బస్తాలు, అనగా 100 కిలోలు, తక్కువ వచ్చినవి. వేసవి దాటిన క్రొత్తలో ప్రక్క ఊరి పాఠశాలకు బియ్యము ఆలస్యమైనదనగా చేబదులుగ ఇచ్చితిమి. కాగితము వ్రాసుకొనలేదు. ఆ ఊరి ప్రధానోపాధ్యాయుడు బదిలీపై పోయెను. క్రొత్తగ వచ్చినవారు తమకేమియు తెలియదనిరి.

నాటినుండి నాకు నిద్ర లేదు. తనిఖీ యన్న మాట వినినచో అరచేతులు చెమర్చెడివి. రాత్రి రెండు గంటలకు లేచి ఫోనులో అధికారుల వాట్సాప్ బృందమున ఏమి వ్రాసిరోయని చూచెడివాడను. ఉపాయమొకటి తోచినది. దినమునకు ఏడెనిమిదిమంది పిల్లలను హాజరుపట్టికలో ఎక్కువ వ్రాసినచో కొన్ని నెలలలో ఆ 100 కిలోలు సర్దుకొనును. అట్లు చేయువారు లేకపోలేదు. సిగ్గు విడిచి చెప్పుచున్నాను, ఒక్క దినము నేనును అట్లు వ్రాసితిని. వచ్చినవారు 142. వ్రాసినది 149.

ఆ మరునాడు ఉదయము ఇష్టలింగపూజకు కూర్చుంటిని. ఎడమ అరచేత లింగము, ప్రక్కన పీటపై ఫోను. నా సహధర్మచారిణి పూలు తెచ్చి ఇచ్చుచు, "ఏమండీ, లింగం చేతిలో ఉంది, మీ చూపు ఫోను మీద ఉంది. ఈ పూజ ఎవరికి?" అనెను. ఆమెకు 149 సంగతి తెలియదు. నాకు మాత్రము తెలిసియే అడిగినట్లు తోచినది.

ఆనాడు నాకు గుర్తునకు వచ్చినది బసవన్న కోశాగారపు కథ. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమును చదివినవారు దీనిని ఎరుగుదురు. బసవన్న బిజ్జలుని కొలువున లెక్కలు వ్రాయువాడుగ చేరి, భాండాగారమునకు అధికారియై, మంత్రియైనవాడు. ఆయనను మనము భక్తిభాండారియని కొనియాడుదుము గాని, ఆయన ప్రతిదినము కొలువునకు పోయి, రాజునకు లెక్క అప్పగించి, తోటివారి ఈర్ష్యను భరించిన ఉద్యోగి యని తలచుట తక్కువ. జంగముల పూజకు రాజధనము వ్యయము చేయుచున్నాడని ఓర్వలేనివారు బిజ్జలునకు కొండెములు చెప్పిరి. రాజు ఆగ్రహించి పిలిపించెను. బసవన్న కలతపడలేదు. పెట్టెలు తెరచి లెక్కింపుమనెను. లెక్కింపగా ఒక్క మాడయు తగ్గలేదు.

చిన్ననాడు ఈ కథ విన్నప్పుడు మహిమయని చేతులు జోడించితిని. ఆ ఉదయము మాత్రము వేరొకటి కనబడినది. లెక్క సరిపోవుట మహిమ కావచ్చును. కాని లెక్క తేలకమునుపే పెట్టెలు తెరువుమనుట మహిమ కాదు. అది ఎవరైనను చేయదగినది. తన కొరకు, రేపటి కొరకు ఆ ధనమునుండి రవంతయు కోరనివాడు గనుక ఆయన తెరువగలిగెను. నేను పెట్టెను మూయుటకు చూచుచున్నాను. నా దడయంతయు ఆ మూతలోనున్నది.

పాఠశాలకు పోయి 149ని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, 142 వ్రాసి, ప్రక్కన సంతకము చేసితిని. రెండు బస్తాల సంగతి జరిగినది జరిగినట్లు పై అధికారికి వ్రాసి పంపితిని. బసవన్న లెక్క సరిపోయెను. నా లెక్క సరిపోలేదు. మెమో వచ్చెను. సంజాయిషీ ఇచ్చితిని. రెండు బస్తాల వెల నేను కట్టితిని. నాలుగు మాసములు ఆ కాగితము బల్లలు మారుచు తిరిగెను. కాని ఉత్తరము పంపిన రాత్రియే నాకు నిద్ర పట్టినది. దండన ఇంకను రాలేదు, దడ పోయినది. ఈ రెండింటికి నేననుకొన్నంత సంబంధము లేదని అప్పుడు తెలిసినది.

ఆ పిమ్మట ఇద్దరు తోటి ఉపాధ్యాయులకు ఆ పుస్తకములు వ్రాయుట నేర్పితిని. అంతవరకు ఎవరికిని నేర్పలేదు. "నేను లేకున్న ఈ లెక్కలు ఎవరు వ్రాయుదురు?" అను గర్వము లోలోపల ఉండెడిది. దాసోహమనగా అన్నము పెట్టుటయేనని మనము అనుకొందుము. "నేను చేయుచున్నాను" అను భావమును దించుటయు దాసోహమే. పనిని తోటివానితో పంచుకొననివాడు అన్నమును పంచుకొన్నను సగమే పంచుకొన్నట్లు.

ఇక నా మేనల్లుని సంగతికి వత్తును. అతనిని తరచి తరచి అడుగగా తెలిసినది. పని ఎక్కువగుటవలన అతడు భయపడుటలేదు. మాసమునకు ఇన్ని బీమా పాలసీలు అమ్మవలెనని పైనుండి లెక్క వచ్చును. పింఛను తీసికొనుటకు వచ్చు వృద్ధురాలితో, డిపాజిట్టు వేయవచ్చిన రైతుతో, అది ఏమిటో పూర్తిగ చెప్పకుండ సంతకము పెట్టించుకొనవలెను. పెట్టించుకొన్న నాడు పైవారు మెచ్చుకొందురు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు. పెట్టించని నాడు నలుగురిలో మాట పడవలెను. ఆ రాత్రియు నిద్ర పట్టదు.

ఇట్టివానికి దీర్ఘశ్వాసలు తీయుమని చెప్పిన ఏమి లాభము? ఆ దడ రోగము కాదు, సాక్షి. పంచాచారములలో సదాచారమనగా ధర్మమార్గమున ఆర్జించిన దానితో జీవించుట. ఆ ఆచారమునకు భంగము కలుగుచున్నదని మనస్సు మొరపెట్టుకొనుచున్నది. దానిని జోకొట్టుట తగదు. అయినను ఉద్యోగము వదలి రమ్మని చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఇంటి ఋణమున్నది, చిన్నపిల్ల యున్నది. ఒడ్డున నిలిచి ఈదుమనుట సులభము. అతనికి నేను చెప్పినది ఇంతే: అమ్మవలసినదానిని అమ్ముము, కాని ఎన్ని సంవత్సరములు కట్టవలెనో, నడుమ మానినచో ఎంత పోవునో కొనువానికి అర్థమగు తెలుగులో ముందుగ చెప్పుము. విని వలదన్నచో వలదనుము. లెక్క తగ్గినచో తగ్గినదని నీవే పైవారికి వ్రాయుము. లెక్కతో సంబంధము లేని పనికి బదిలీ కోరుము.

బసవన్నయు ప్రాణమున్నంతవరకు పదవిని పట్టుకొని వ్రేలాడలేదని ఈ సందర్భమున తలచుకొనవలెను. హరళయ్య కుమారునకు, మధువరసుని కుమార్తెకు జరిగిన వివాహము కారణముగ కల్యాణమున కల్లోలము రేగినప్పుడు, ఆయన మంత్రిపదవిని విడిచి కూడలసంగమమునకు వెడలెను. కొలువు కాయకమునకు సాధనము. కొలువు పోయినంతమాత్రమున కాయకము పోదు. ఉద్యోగము పోయిన యువకులను చూచి చుట్టములు మొగము త్రిప్పుకొనుట మన ఇండ్లలోను జరుగుచున్నది. త్రాళ్లు పేనిన నులియ చందయ్యను, పడవ నడిపిన అంబిగర చౌడయ్యను, బట్టలుతికిన మడివాళ మాచయ్యను పూజించువారికి ఇది శోభ కాదు.

ఇష్టలింగపూజను గూర్చి ఒక మాట. ఈ మధ్య కొందరు దీనిని మనఃశాంతికి మంచి సాధనమని ప్రచారము చేయుచున్నారు. లింగమును నిద్రమాత్రవలె చూచుట నాకు రుచింపదు. గురువు దీక్షలో లింగమిచ్చినది భక్తికి, ఐక్యమునకు. అయినను చెట్టును పండ్ల కొరకు నాటినను నీడ రాకపోదు. స్నానముచేసి విభూతి ధరించి, ఎడమ అరచేత లింగమునుంచి, దృష్టిని దానిపై నిలిపి పంచాక్షరిని జపించుచున్నప్పుడు ఊపిరి తనంతట తానే నెమ్మదించును. మనస్సు హాజరుపట్టికకు పోవును. పోనిండు. తిట్టక, మరల లింగమువద్దకు తీసికొనిరండు. ఒక పావుగంటలో అది ఇరువదిసార్లు పోవును. ఇరువదిసార్లు తీసికొనివచ్చుటయే ఆ దినపు సాధన. ఫోను మాత్రము ఆ గదిలో ఉండరాదు. మా యింట ఇప్పుడు వంటయింటి గూటిలో ఉంచుచున్నాము. ఇక పగటివేళ కార్యాలయమున గుండె దడించినప్పుడు ఉరమునున్న లింగకాయపై చేయి యుంచి, నాలుగు ఊపిరులు నెమ్మదిగ విడిచి, అప్పుడు బదులు పలుకుడు. మన దైవము మనతోకూడ కొలువునకు వచ్చుచున్నాడు గదా. ఆయన ఎదుట పలుకదగిన బదులేదో అప్పుడు తెలియును.

నులియ చందయ్య కథను చూపి పూజ మానువారిని ఎరుగుదును. గడ్డి కోయుచుండగా లింగము నీట పడినను ఎత్తుకొనక ఆయన పని సాగించెనని, కావున పనియే పూజ యని వారి వాదము. లింగము ఆయన వెంట వచ్చినదను సంగతిని, మాచయ్య మాటపై చందయ్య దానిని మరల స్వీకరించెనను సంగతిని వారు చెప్పరు.

పూజవలనను, మితివలనను, సత్యమువలనను తీరని చింతయు కలదు. దానిని దాచుట అపాయము. శక్తి ఇంకిపోయినట్లుండుట, పనియనిన విముఖత కలుగుట, ఎంత చేసినను ఏమియు చేయలేదనిపించుట, ఈ స్థితికి బర్న్‌అవుట్ అని పేరు. ఇది రోగము కాదనియు, చక్కబరుపబడని ఉద్యోగపు ఒత్తిడి ఫలితమనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో నిర్వచించినది. అనగా దోషము మనిషియందే కాక పనిచోటునందును వెదకవలెను. కాని రెండు వారములకు మించి నిద్ర చెడి, ఆకలి తప్పి, ప్రియమైన విషయములందును రుచి లేకున్నచో అది వైద్యుని చూపవలసిన స్థితి. బ్రతికి ఏమి లాభమను తలపు ఒక్కసారి వచ్చినను రెండు వారములు ఆగవద్దు. ఆనాడే ఇంటివారికి చెప్పి వైద్యుని కలియవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీమానస్ అను సేవకు 14416 సంఖ్యపై పగలు రాత్రి ఉచితముగ ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. మధుమేహమునకు మాత్ర మ్రింగి విభూతి ధరించుచున్నాము గదా. దీనికి మాత్రము సిగ్గెందుకు?

మఠాధిపతులకు ఒక విన్నపము. అనుభవమంటపమున అల్లమప్రభువు ఎదుట కూర్చున్నవారందరు ఏదో ఒక పనిచేయువారే. పనిముట్టును వాకిట నుంచి లోనికి వచ్చినవారే. నేటి గోష్ఠులలో ఒకరు మాటలాడుదురు; మిగిలినవారు చప్పట్లు కొట్టుదురు. మాసమునకొక్కసారి, ఉపన్యాసము లేకుండ, ఉద్యోగములు చేయువారిని గుండ్రముగ కూర్చుండబెట్టి వారి కష్టమును వారిచేతనే చెప్పింపుడు. వినుటకు ఒక పెద్దయు, వీలైనచో సమాజమునందలి వైద్యుడొకడును ఉండినచో చాలును. స్త్రీలను తప్పక పిలువవలెను. పొద్దంతయు కార్యాలయమునను, ఆ తరువాత వంటయింటను కాయకము చేయువారు వారే గనుక.

మా మఠమున దీనిని మూడు మాసములనుండి జరుపుచున్నాము. మొదటినాడు అయిదుగురు వచ్చిరి. వారిలో ముగ్గురు నోరు తెరువలేదు. రెండవసారి నేను 149 కథ చెప్పితిని. ఆపైన మాటలు వాటంతట అవే వచ్చినవి.

మేనల్లునకు బదిలీ ఇంకను రాలేదు. ఈ మాసమున అతని పట్టికలో బీమా గడి సగము ఖాళీగనే యున్నదట. ఆ సంగతి అతడే పైవారికి వ్రాసెను. ఆదివారము సాయంకాలము కడుపులో త్రిప్పుట పూర్తిగ పోలేదు గాని, దీపము పెట్టు వేళకు భార్యతో కలసి పూజకు కూర్చుండుచున్నాడు. మొన్న ఫోను చేసి, లక్కమ్మ కథను తమ శాఖలోని క్యాషియరునకు చెప్పితిననెను. ఆయన అంతయు శ్రద్ధగ విని, "ఇంతకూ ఎన్ని కిలోలు ఎక్కువ తెచ్చాడు?" అని అడిగెనట.